డాబా మీద కోపీపాడ్లు: చిల్లర్ కొనే ముందు

ప్రశ్న: మాది విజయవాడ పక్కన పెనమలూరు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు చెరువుల పనిలో తిరిగి, ఇప్పుడు ఇంటి డాబా మీద కోపీపాడ్ల (చేపపిల్లలకు మేతగా వేసే, నీళ్లలో బతికే నలుసంత జీవుల) కల్చర్ చేస్తున్నాను. 500 లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు నాలుగున్నాయి. సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లు తెప్పించి, బోరు నీళ్లు కలిపి ఉప్పును 20 పీపీటీ (వెయ్యి భాగాల్లో 20) దగ్గర ఉంచుతాను. మేత నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ నాచు (ఆల్గే), అది చాలనప్పుడు బేకరీ ఈస్ట్. నిజాంపట్నం వైపు పండుగప్ప పిల్లల్ని పెంచే ఒకాయన కొంటానన్నారు. చలికాలంలో ఓ మోస్తరుగా వచ్చాయి, మార్చిలో విపరీతంగా పెరిగాయి. ఏప్రిల్ సగానికి గుడ్ల సంచులున్న ఆడవి తగ్గిపోయాయి, పెద్దవి కూడా సైజు తగ్గాయి. ఇప్పుడు రెండు ట్యాంకులు పూర్తిగా పోయాయి. నెట్‌లో చూస్తే 18 డిగ్రీల వేడి, రోజుకు 18 గంటల వెలుతురు కావాలని ఉంది. అందుకే రాత్రిళ్లు ఎల్ఈడీ లైట్లు వేస్తున్నాను. ఐసు బాటిళ్లు వేసి చూశాను, లాభం లేదు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొందామా? ఇంకో సంగతి, సైక్లాప్స్ (కోపీపాడ్లలో ఒక రకం) పెంచితే నారికురుపు వస్తుందని మా నాయనమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చెప్పమంటారు? (పేరు వద్దన్న పాఠకుడు)

సమాధానం: చిల్లర్ కొనకండి. రాత్రి లైట్లు ఇవాళే ఆపేయండి. ట్యాంకులను డాబా మీద నుంచి కిందికి దించండి. మీ ప్రశ్నకు జవాబు ఈ మూడు మాటలే. కానీ ఎందుకో తెలియకపోతే వచ్చే వేసవిలో మళ్లీ నెట్ చూసి ఇంకేదో కొంటారు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

ముందు ఆ 18 డిగ్రీల సంగతి. కోపీపాడ్లలో వేల జాతులున్నాయి. చేపపిల్లల మేత కోసం ఐరోపాలో బాగా పరిశోధన జరిగినది అకార్షియా టోన్సా అనే జాతి మీద. డెన్మార్క్ వాళ్లు 1980ల నుంచి దాన్ని తరతరాలుగా ట్యాంకుల్లో పెంచుతున్నారు, 17, 18 డిగ్రీల దగ్గర. మీరు చూసిన అంకె అలాంటి చోట నుంచే వచ్చి ఉంటుంది. ఆ చలిదేశంలో ఆ నీళ్లకు, ఆ చేపలకు అది సరిపోతుంది. మీ కొనుగోలుదారు పండుగప్ప పిల్లలు ఉండేది 28 నుంచి 30 డిగ్రీల నీళ్లలో. మీరు లక్షలు పెట్టి 18లో పెంచినా, తీసుకెళ్లి 30లో వేసిన క్షణాన ఆ కుదుపుకే దెబ్బతినొచ్చు. అంత డబ్బు పెట్టి చల్లబరిచి, చివర్లో వేడి నీళ్లలో పోయడం ఎందుకు?

మీ దగ్గరున్నది ఏ జాతో మీరు రాయలేదు. ఒక చుక్క నీటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. ఆడదానికి తోక మొదట్లో రెండు పక్కలా చెరో సంచి వేలాడుతుంటే అది సైక్లోపాయిడ్ గుంపుది. సంచి ఒక్కటే ఉండి, జీవి ట్యాంకు గోడల్ని పట్టుకుని పాకుతుంటే హార్పాక్టికాయిడ్. ఒంటితో సమానంగా పొడుగాటి మీసాలుండి నీటి మధ్యలో తేలేవి కాలనాయిడ్లు. వీటిలో అకార్షియా లాంటివి సంచి మోయవు, గుడ్లు నీళ్లలోకి వదిలేస్తాయి. సంచులు తగ్గాయని రాశారు, ఇంట్లో సైక్లాప్స్ అనే పేరు నడుస్తోంది, కాబట్టి సైక్లోపాయిడే అనుకుని చెబుతున్నాను. అపోసైక్లాప్స్, ఓయిథోనా ఈ గుంపువే. మన లాంటి వేడి తీరాల్లో, ఉప్పుటేరుల్లో బతికే రకాలకు 26 నుంచి 30 డిగ్రీలు హాయి. అంటే మీకు కావాల్సిన వేడి, విజయవాడలో ఏడాదిలో ఎక్కువ నెలలు గదిలో పెట్టిన నీటికి ఊరికే వచ్చేదే.

ఇక మార్చిలో పెరిగి ఏప్రిల్లో ఎందుకు పడిపోయాయో చూద్దాం. ఇది తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే.

గుడ్డు నుంచి బయటపడ్డాక కోపీపాడ్ ఆరు నాప్లీ (పసిపిల్ల) దశలు, ఐదు కోపీపోడైట్ (ఎదిగే పిల్ల) దశలు దాటి పెద్దదవుతుంది. ప్రతి దశకూ పొర విడవాలి. ఈ ప్రయాణం ఎంత వేగంగా సాగుతుందనేది దాదాపు పూర్తిగా నీటి వేడి చేతిలో ఉంటుంది, ఎందుకంటే వాటి ఒంటి వేడీ నీటి వేడీ ఒకటే. జీవికి సరిపడే హద్దులో 10 డిగ్రీలు పెరిగితే ఒంట్లో పనుల వేగం రెండు నుంచి మూడు రెట్లవుతుంది. చలికాలం రాత్రి 22, 23కి దిగిన ట్యాంకులో రెండు వారాలు పట్టే తరం, మార్చిలో 29, 30 దగ్గర వారం పది రోజుల్లో ముగిసి ఉంటుంది. తరం చిన్నదైతే నెలలో ఎక్కువ తరాలొస్తాయి, సంఖ్య ఎగబాకుతుంది. మీకు మార్చిలో కనిపించిన సంబరం అదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంత వేడికి ఇన్ని వస్తే ఇంకొంచెం వేడికి ఇంకా రావాలి కదా అనుకుంటారు. 32, 33 దాటాక లెక్క తిరగబడుతుంది. జీవి ఎదగడం కంటే దశలు దాటడం వేగమవుతుంది, అందుకని పొట్టిగా ఉండగానే పెద్దదైపోతుంది. పొట్టి ఆడదాని సంచిలో పట్టే గుడ్లు తక్కువ. ఆయుష్షు కూడా తగ్గుతుంది కాబట్టి జన్మలో మోసే సంచుల సంఖ్యా తగ్గుతుంది. పైగా ఊపిరికి, ఈతకు ఖర్చయ్యే శక్తి పెరిగిపోయి గుడ్లకు మిగిలేది ఉండదు. మీరు రాసిన రెండు గుర్తులూ, సైజు తగ్గడమూ సంచులు తగ్గడమూ, ఈ దశవే. సైజు తగ్గడం ముందుగా కనిపించే గుర్తు. ట్యాంకు పోవడానికి ముందే అది మీకు కబురు పంపింది. ఇకపై వారానికోసారి కొన్ని ఆడవాటిని కొలిచి రాసిపెట్టుకోండి. సంఖ్య ఇంకా బాగానే ఉన్నప్పుడే కొలత తగ్గడం మొదలైతే ట్యాంకు వేడిగానో ఆకలిగానో ఉన్నట్టు.

ఆకలి అన్నాను కదా, అది అసలు విషయం. వేడి పెరిగితే కోపీపాడ్ తిండి పెరుగుతుంది. అదే డాబా మీద, అదే ఎండలో మీ నానోక్లోరాప్సిస్ మాత్రం నీరసిస్తుంది. దానికి 25 డిగ్రీల చుట్టుపక్కల బాగుంటుంది, 33, 34 దాటాక కల్చర్ రంగు పసుపుబారి అడుగుకు చేరుతుంది. తినేవాళ్లు రెట్టింపై వండేవాళ్లు పడకేసినట్టయింది. అప్పుడు మీరు ఈస్ట్ పెంచి ఉంటారు, ఎవరైనా అదే చేస్తారు. వేడి నీటిలో తినని ఈస్ట్ గంటల్లో కుళ్లుతుంది. బ్యాక్టీరియా, వాటి వెనక సిలియేట్లు అనే ఏకకణ జీవులు, వాటి వెనక రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు వరసగా వస్తాయి. కోపీపాడ్ వేడికి చచ్చిపోయిందని మనం అనుకుంటాం గాని, చాలా ట్యాంకుల్లో అది ఆకలికి, మురికికి, ఊపిరాడక పోతుంది. వేడి ఆ మూడింటినీ ఒకేసారి పిలుచుకొస్తుంది.

ఊపిరి సంగతికి రెండు అంకెలు చెబుతాను. 25 డిగ్రీల మంచినీళ్లు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 35 డిగ్రీలకు అది 7 దగ్గరికి వస్తుంది. ఉప్పు నీటిలో ఇంకా తక్కువ. అంటే వాడకం పెరిగిన వేళే నిల్వ తగ్గుతోంది. కరెంటు పోయిన రాత్రి ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

అమ్మోనియా ఇంకా దొంగది. పరీక్ష కిట్‌లో కనిపించే మొత్తం అమ్మోనియాలో కొంత భాగమే విషం. ఆ భాగం ఎంతన్నది వేడి మీద, అంతకంటే ఎక్కువగా పీహెచ్ మీద ఆధారపడుతుంది. మంచినీటి లెక్కల్లో 25 డిగ్రీలు, పీహెచ్ 8 ఉంటే విషపు వాటా సుమారు 5 శాతం. 30 డిగ్రీలకు అది ఏడున్నర శాతం. అదే 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 9కి వెళ్తే దాదాపు 45 శాతం. ఉప్పు నీటిలో అంకెలు కొంచెం తగ్గుతాయి గాని పోకడ ఇదే. మరి పీహెచ్ 9కి ఎవరు తీసుకెళ్తారు? ఎండ. ఆకుపచ్చ నీళ్లను నేరుగా ఎండలో పెడితే ఆల్గే మధ్యాహ్నానికి నీటిలోని కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేసుకుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. మీరు పొద్దున్నే కొలిచి అంతా బాగుందనుకుంటారు. సాయంత్రం నాలుగింటికి కొలిచి చూడండి.

అందుకే డాబా మీద వేడినీ వెలుతురునూ విడదీసి చూడలేం. రెండూ కలిసి దెబ్బ కొడతాయి, తప్పు మాత్రం థర్మామీటర్ మీద పడుతుంది.

మూడో దెబ్బ ఉప్పుది. మే నెల వడగాలికి ట్యాంకులో నీళ్లు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరయ్యాయనుకుందాం. అర మీటరు లోతున్న ట్యాంకులో పది రోజులకు 8 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి 20 పీపీటీ కాస్తా 24 దగ్గరికి చేరుతుంది. తగ్గిన నీటిని మళ్లీ సముద్రపు నీటితో నింపేవాళ్లుంటారు, అప్పుడింకా ఎక్కుతుంది. ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి, రోజూ కొంచెం కొంచెంగా. రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పు కొలిచే పరికరం) ఉంటే పదిరోజులకోసారి కాదు, రోజూ చూడండి.

ఇప్పుడు మీ ఐసు బాటిళ్లు. 500 లీటర్ల నీటిని 34 నుంచి 30కి దించాలంటే 2,000 కిలో క్యాలరీల వేడి తీసేయాలి. ఒక కిలో ఐసు కరిగి 30 డిగ్రీల నీరయ్యేసరికి పీల్చేది సుమారు 110. అంటే ఒక్క ట్యాంకుకు 18 కిలోల ఐసు, అదీ బయటి నుంచి కొత్త వేడి రాకుండా ఉంటే. లీటరు ఐసు బాటిళ్లు రెండు వేస్తే అర డిగ్రీ కూడా దిగదు. బాటిల్ చుట్టూ ఉన్న నీరు మాత్రం గభాల్న చల్లబడి, అక్కడున్న జీవులకు కుదుపు తగులుతుంది. చిల్లర్‌కూ ఇదే లెక్క. ఎండలో ఉన్న నల్ల ట్యాంకుకు చిల్లర్ పెడితే అది విజయవాడ ఎండతో పోటీ పడుతుంది, కరెంటు బిల్లు మీరు కడతారు.

చేయాల్సింది వేడిని తీసేయడం కంటే లోపలికి రానివ్వకపోవడం. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది ఉంటే అంతకంటే మంచిది లేదు. మెట్ల కింద ఖాళీ అయినా సరే. మే నెలలో బయట 43 ఉన్నా, ఎండ పడని కింది గదిలో నిలవ నీళ్లు అంతకంటే చాలా తక్కువ వేడి దగ్గరే ఆగుతాయి. పగలూ రాత్రీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. నాకు అసలు అంకె కంటే ఈ తేడా మీదే పట్టింపు ఎక్కువ. రోజంతా 31 ఉన్న ట్యాంకులో కోపీపాడ్లు సర్దుకుంటాయి. తెల్లవారి 28, మూడింటికి 37 ఉండే ట్యాంకు సగటు చూస్తే బాగానే కనిపిస్తుంది, కానీ సగటులో ఎవరూ బతకరు. గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపించే థర్మామీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. చిల్లర్ ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ముందు అది కొని వారం రోజులు రాయండి.

గది లేకపోతే డాబా మీదే తాటాకు పందిరి వేయండి. గ్రీన్ నెట్ ఎండను కొంత ఆపుతుంది గాని దాని కింద గాలి వేడిగానే ఉంటుంది, స్లాబ్ వేడి కింది నుంచి కొడుతుంది. తాటాకు, దాని కింద ట్యాంకులకు ఇటుకల ఎత్తు, చుట్టూ తడి గోనె పట్టాలు. వడగాలి పొడిగా ఉన్న రోజుల్లో గోనె బాగా పనిచేస్తుంది. ఉక్కపోత రోజుల్లో అంతగా పనిచేయదు. నల్ల ట్యాంకులకు బయట తెల్ల సున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. బ్లోయర్ ఎండలో ఉంటే ముందు దాన్ని నీడకు మార్చండి, పగలంతా వేడి గాలిని నీళ్లలోకి ఊదుతోంది. కొత్తగా కొనేటప్పుడు నాలుగు చిన్న ట్యాంకుల బదులు ఒకటి రెండు పెద్దవి తీసుకోండి, నీళ్లెక్కువుంటే వేడి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. అయితే విత్తనానికి ఒక చిన్న తొట్టి ఎప్పుడూ విడిగా, వేరే గదిలో ఉండాలి. అన్నీ ఒకచోట ఉంటే అన్నీ ఒకేసారి పోతాయి.

ఇక వెలుతురు. మీరు చూసిన 18 గంటల సలహాకూ ఊరుంది. డెన్మార్క్‌లో జూన్‌లో పగలు పదిహేడు గంటలు దాటుతుంది, డిసెంబరులో ఏడు గంటలే. అలాంటి చోట్ల కొన్ని కాలనాయిడ్ జాతులు పగటి పొడవును బట్టి రుతువును పసిగడతాయి. రోజులు కుదించుకుపోతుంటే చలికాలం వస్తోందని, వెంటనే పిల్లలు బయటికి రాని నిద్ర గుడ్లు పెడతాయి. అమెరికా తీరంలోని లాబిడోసెరా ఏస్టివా దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అలాంటి వాటిని పెంచేటప్పుడు ఎప్పుడూ ఎండాకాలమే అనిపించేలా పొడుగు పగలు పెట్టడంలో అర్థముంది. విజయవాడలో అతి పొడుగు పగలు దాదాపు 13 గంటలు, అతి పొట్టిది 11 గంటల పైచిలుకు. మన సైక్లోపాయిడ్లకు ఆ రెండు గంటల తేడాతో రుతువులు లెక్కపెట్టే అలవాటు లేదు, అవి సంచిని మోసుకు తిరుగుతూ ఏడాది పొడవునా పిల్లల్ని వదులుతాయి. వాటికి 12 గంటల మసక వెలుతురు, 12 గంటల చీకటి చాలు.

చీకటి ఎందుకంటే, ఇవి రాత్రిపూట ఎక్కువ తిరిగే జీవులు. చీకటిలో పైకొచ్చి మేస్తాయి, పగలు వెలుతురు ఎక్కువైతే పెద్దవి కిందికి దిగి అడుగున, మూలల్లో గుంపుగా చేరతాయి. మీరు రాత్రంతా లైట్లు వేస్తే అడుగున ఉన్న మురికి దగ్గరే వాటిని రాత్రీ పగలూ కూర్చోబెట్టినట్టు. నాప్లీలది మరో తీరు, చాలా రకాల్లో అవి వెలుతురు వైపు ఈదుతాయి. లైటు ఒక పక్కనే ఉంటే పిల్లలన్నీ ఆ పక్కకు చేరి, మేత ఆ మూలలో అయిపోయి, మిగతా ట్యాంకులో మిగిలిపోతుంది. ట్యాంకుకు ఎత్తులో, మధ్యగా వేలాడే ఒక చిన్న ఎల్ఈడీ బల్బు చాలు. పుస్తకం చదవడానికి కష్టపడే వెలుతురు ఉంటే సరిపోతుంది. నేరుగా పడే ఎండలో అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి, లోతు తక్కువ ట్యాంకులో దాక్కునే చోటు లేక పారదర్శకమైన నాప్లీలు వాటికి దెబ్బతింటాయి.

పూర్తి చీకటి కూడా వద్దు. కొన్ని జాతులు చీకట్లోనూ గుడ్లు పెడతాయి నిజమే. కానీ మీరు వేసిన ఆల్గే చీకట్లో ఊపిరి తీసుకుంటూ ఆక్సిజన్ తినడమే తప్ప ఇవ్వదు, త్వరగా అడుగుకు చేరుతుంది. పైగా ఏం జరుగుతోందో మీకు కనబడదు.

నిజానికి పెద్ద వెలుతురు కావాల్సింది ఆల్గేకి. అందుకే రెండింటినీ విడదీయండి. ఆల్గే ఒక చోట, పారదర్శకమైన క్యాన్లలో, ట్యూబ్‌లైట్ల ముందు, 24, 25 డిగ్రీల దగ్గర పెరగాలి. ఏసీ డబ్బు పెట్టాలనుకుంటే ఈ చిన్న గదికి పెట్టండి. చిల్లర్ కంటే చవక, చల్లబరచాల్సిన నీళ్లూ తక్కువ. అక్కడ పెరిగిన ఆల్గేని మసక గదిలోని కోపీపాడ్లకు రోజుకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా పోయండి. నీళ్లు లేత రంగులో ఉంటే చాలు, చిక్కగా కానివ్వకండి. వేసవిలో ఈస్ట్ మానేయండి, నా మాట వినండి.

మేత గురించి ఇంకొక్క మాట. నానోక్లోరాప్సిస్‌లో ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం బాగా ఉంటుంది, చేపపిల్లలకు కావాల్సిన డీహెచ్ఏ అనే మరో కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. ఐసోక్రైసిస్ అనే ఇంకో ఆల్గేలో డీహెచ్ఏ ఉంటుంది, అది 30 డిగ్రీల దగ్గర కూడా నిలబడే రకం దొరుకుతుంది. రెండూ కలిపి పెట్టండి. ఆర్టీమియా (చేపపిల్లలకు మేతగా వాడే చిన్న ఉప్పునీటి రొయ్య) ఉండగా కోపీపాడ్లకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఈ కొవ్వులే. ఆర్టీమియా పిల్లల్లో డీహెచ్ఏ దాదాపు ఉండదు, విడిగా పట్టించాలి. కొన్ని సైక్లోపాయిడ్లు డీహెచ్ఏను కొంతవరకు తామే తయారుచేసుకుంటాయి, అయినా మేతలో ఇవ్వడం మీ కొనుగోలుదారుకు మంచిది. వేడి పెరిగేకొద్దీ ఆల్గేలోనూ కోపీపాడ్లలోనూ ఈ రకం కొవ్వుల వాటా తగ్గే పోకడ ఉంది. అంటే 34 డిగ్రీల్లో బతికి బయటపడ్డ కోపీపాడ్ లెక్కకు ఒకటే గాని చేపపిల్లకు పూర్తి భోజనం కాకపోవచ్చు.

నేను చెప్పానని నమ్మకండి, బకెట్లలో పెట్టి చూడండి. ఒకే ట్యాంకు నుంచి తీసిన నీళ్లను సమానంగా ఆరు బకెట్లలో పోయండి. గదిలో మూడు, ఒకటి 12 గంటల మసక వెలుతురులో, ఒకటి రోజంతా లైటు కింద, ఒకటి నల్లగుడ్డ కప్పి. డాబా మీద పందిరి కింద ఇంకో మూడు, అవే మూడు రకాల వెలుతురుతో. మేత అన్నిటికీ ఒకటే, కొలిచి. పదిహేను రోజుల తర్వాత ప్రతి బకెట్ నుంచి యాభై ఆడవాటిని చూసి ఎన్నింటికి సంచులున్నాయో, ఒక మిల్లీలీటరు నీటిలో ఎన్ని నాప్లీలున్నాయో రాయండి. ఒక్కో దానికి ఒక్క బకెట్టే అయితే యాదృచ్ఛికంగా తప్పు జవాబు రావచ్చు, కాబట్టి ఓపికుంటే మళ్లీ ఒకసారి చేయండి. మీ జాతికి, మీ ఇంటికి సరైన అంకెలు ఇవే. నెట్‌లో ఉండేవి ఇంకొకరి ఇంటివి.

మిగిలిన రెండు ట్యాంకులను కాపాడుకోవాలి ముందు. మైక్రోస్కోపులో రోటిఫర్లు ఉన్నాయేమో చూడండి. అవి నున్నగా జారుతున్నట్టు ఈదుతాయి, కోపీపాడ్లు ఎగిరెగిరి పడతాయి. మన వేసవి వేడి రోటిఫర్లకు మహా ఇష్టం, వాటిని వదిలేస్తే వారం తిరిగేసరికి ట్యాంకు వాటిదే. నీళ్లను మెల్లగా 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మెష్ గుండా వడకడితే రోటిఫర్లు చాలా వరకు కిందికి పోయి పెద్ద కోపీపాడ్లు పైన మిగులుతాయి. ఓయిథోనా లాంటి సన్న రకమైతే అవి కూడా జారిపోతాయి, కాబట్టి ముందు ఒక మగ్గు నీళ్లతో చూసుకోండి. పైన మిగిలినవాటిని కొత్త నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, గదిలోని ట్యాంకుకు మార్చండి. మార్చేటప్పుడు గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా వేడి మారనివ్వకండి. సంచులున్న ఆడవాటిని తెల్లవారుజామున డాబా ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు మార్చితే రెండు నీళ్ల వేడీ దగ్గర దగ్గరగానే ఉంటుంది. మంచి విత్తనం మళ్లీ కావాలంటే విశాఖలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో అడిగి చూడండి, సముద్రపు చేపపిల్లల మేత మీద అక్కడ పనిచేస్తారు. ఊళ్లో సలహాకు మీ పెనమలూరులోనే సీఫా (కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, వాళ్లది మంచినీటి చేపల పని అయినా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించే మనిషి దొరకవచ్చు.

చలికాలానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. గదిలో నీళ్లు 23, 24కి దిగితే తరం ఆలస్యమవుతుంది, అంతే. ఆ నెలల్లో పట్టడం తగ్గించండి. హీటర్ పెట్టి తొందరపెట్టాల్సిన అవసరం ఆర్డరు ఉంటేనే.

నాయనమ్మ గారి భయం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు దిగుడు బావుల్లో, చెరువుల్లో సైక్లాప్స్ కడుపులో నారికురుపు పురుగు పిల్లలుండేవి, ఆ నీళ్లు వడకట్టకుండా తాగినవాళ్లకు ఏడాది తర్వాత కాలిలోంచి పురుగు బయటికొచ్చేది. మన రాష్ట్రంలోనూ ఆ జబ్బు ఉండేది. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. మన దగ్గర పురుగు ఉన్న మనిషి నీళ్లలో కాలు పెడితేనే సైక్లాప్స్‌కు అది అంటుకుంటుంది, అలాంటి మనిషి ఇప్పుడు దేశంలో లేడు. పైగా మీది ఉప్పు నీళ్లు, ఎవరూ తాగరు. ఆవిడకు ఈ మాట చెప్పి, ట్యాంకుల మీద దోమతెర కట్టండి. దోమల గురించి ఆవిడ అడిగితే మాత్రం ఆవిడదే న్యాయం.

చివరగా పట్టడం, పంపడం. ఇక్కడ వెలుతురు మీకు పనివాడు. ఎయిర్ ఆపి పది నిమిషాలు నీళ్లు నిలవనివ్వండి, చెత్త అడుక్కి చేరుతుంది. గది చీకటి చేసి ట్యాంకు ఒక పక్క టార్చి పెట్టండి. నాప్లీలు ఆ మూలకు మబ్బులా చేరతాయి, సన్నటి పైపుతో సైఫన్ చేసి 50 మైక్రాన్ల మెష్‌లో పట్టండి. మెష్ నీటిలో మునిగే ఉండాలి, బయటికెత్తితే నలిగిపోతాయి. ఎయిర్ ఎక్కువసేపు ఆపకండి. రోజుకు ట్యాంకులో పావు వంతుకు మించి తీయకండి, వేసవిలో ఇంకా తక్కువ. ముందు రాత్రే కొనుగోలుదారుకు ఫోన్ చేసి ఆయన ట్యాంకు వేడి, ఉప్పు ఎంతో అడిగి, మీ నీళ్లను అందుకు దగ్గరగా సరిచేసుకున్నాకే ప్లాస్టిక్ సంచుల్లో నింపండి. తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం చేరేసరికి ఎండెక్కకుండా ఉండాలంటే థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. ఐసు నేరుగా సంచికి తగలనివ్వకండి, పేపరు చుట్టి పెట్టె మూలలో ఒకటి చాలు. అక్కడ సంచులను విప్పకుండా అరగంట ఆయన ట్యాంకులో తేలనిచ్చి, తర్వాతే వదలమనండి.